పది వేలు చేతిలో ఉంటే సౌండ్ సిస్టమ్‌లో ముందు ఏది మార్చాలి?

ఇంట్లో ఓ జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, చిన్న స్టీరియో ఆంప్ (ఆంప్లిఫయర్), పాటలకు ఫోనో ల్యాప్‌టాపో ఉన్నాయనుకుందాం. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఎక్కడో వెలితి. గాత్రం ముద్దగా వస్తుంది. బాస్ ఒక పాటలో గుయ్యిమంటుంది, ఇంకో పాటలో అసలు ఉండదు. గంటసేపు వింటే తల బరువెక్కుతుంది. పది వేలో పదిహేను వేలో పెట్టి బాగుచేసుకోవాలి. డాక్ (డిజిటల్ పాటను ఆంప్‌కి పనికొచ్చే సంకేతంగా మార్చే పరికరం) కొనాలా, కేబుళ్లు మార్చాలా, సబ్‌వూఫర్ తేవాలా, ఆంప్ పెద్దది తీసుకోవాలా? దుకాణంలో అడిగితే అక్కడ అమ్మకానికి ఉన్న వస్తువే జవాబుగా వస్తుంది. గదిని ఎవరూ అమ్మరు కాబట్టి దాని ఊసు ఎవరూ ఎత్తరు. శబ్దాన్ని అందరికంటే ఎక్కువ పాడుచేసేది మాత్రం అదే.

వీటిని పోల్చడానికి శబ్దం స్థాయిని కొలిచే డెసిబెల్‌ని కొలబద్దగా పెట్టుకుంటే వరస తేలిగ్గా తేలుతుంది. పనిచేసే స్థితిలో ఉన్న మామూలు ఆంప్, మామూలు డాక్ వినికిడి పరిధిలో చేసే తేడా సాధారణంగా అర డెసిబెల్ దాటదు. సరిపడా మందం ఉన్న స్పీకర్ వైరు చేసే తేడా అంతకన్నా తక్కువ. స్పీకర్‌లో సొంత ఎగుడుదిగుళ్లు మూడు నుంచి ఐదు డెసిబెల్స్ ఉంటాయి. స్లాబు కప్పు, సిమెంటు గోడలు, విట్రిఫైడ్ టైల్స్ నేల ఉన్న మన ఫ్లాట్ హాల్లో బాస్ ప్రాంతంలో పది, పదిహేను డెసిబెల్స్ హెచ్చుతగ్గులు మామూలే. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు వినిపిస్తుంది. అర డెసిబెల్ లోపం దిద్దడానికి డబ్బంతా పోసి, పదిహేను డెసిబెల్స్ లోపాన్ని అలాగే వదిలేయడం న్యాయం కాదు.

లెక్కల కోసం 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న హాలు తీసుకుందాం. మీ హాలు కొలతలు వేరైతే అంకెలు మారతాయి, వరస మారదు.

ముందు తప్పులు పట్టుకోండి

కొత్త వస్తువు కోసం బయల్దేరే ముందు ఉన్నవి సరిగ్గా తగిలించి ఉన్నాయో లేదో చూడాలి. ఎన్నో ఇళ్లలో ఒక స్పీకర్‌కి ఎర్ర, నల్ల వైర్లు తారుమారై ఉంటాయి. అలా ఉంటే ఒక స్పీకర్ కోన్ (లోపల కదిలే గిన్నె లాంటి భాగం) ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి వెళ్తుంది, బాస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికి ఘంటసాల కాలం నాటి మోనో పాట ఒకటి పెట్టండి. మోనోలో రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకే సంకేతం కాబట్టి గొంతు సరిగ్గా మధ్యలో, మనిషి అక్కడ నిలబడి పాడుతున్నట్టు రావాలి. గొంతు గదంతా చెదిరి, ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే ఒక స్పీకర్ వైర్లు తిప్పి పెట్టి మళ్లీ వినండి. మధ్యలో కాక ఒక పక్కకు లాగుతోంటే బ్యాలెన్స్ నాబ్, ఆ తర్వాత గది రెండు పక్కల తేడా చూడాలి. వైర్ల మీద గుర్తులు లేకపోతే ఆంప్ నుంచి తీసేసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని క్షణం పాటు తాకించండి. సెల్ ప్లస్ కలిసిన తీగ స్పీకర్ ప్లస్‌కి వెళ్తే కోన్ బయటికి కదులుతుంది.

తర్వాత ఫోన్, ల్యాప్‌టాప్ సెట్టింగులు. ఫోన్‌లో డాల్బీ, బాస్ బూస్ట్, విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. పాటల యాప్‌లో క్వాలిటీని అత్యధికానికి మార్చండి, మొబైల్ డేటాకి వేరే సెట్టింగు ఉంటే దాన్ని కూడా. టీవీ నుంచి ఆప్టికల్ తీగ ద్వారా స్టీరియో ఆంప్‌కి ఇస్తుంటే టీవీలో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం) మీద ఉండాలి. లేకపోతే డాల్బీ కార్యక్రమం రాగానే శబ్దం ఆగిపోతుంది. పాత ఆంప్ వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరలాడితే అది పొటెన్షియోమీటర్‌లో మురికి. ఎలక్ట్రానిక్స్ కోసం చేసిన కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు లోపలికి పంపి, ఆంప్ ఆపి ఉండగానే నాబ్‌ని ముప్ఫై సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. తలుపు బందులకు కొట్టే మామూలు తుప్పు స్ప్రే వాడితే లోపల జిడ్డు మిగులుతుంది. తీర ప్రాంతాల్లో స్పీకర్ టెర్మినళ్ల మీద పచ్చటి పొర కడుతుంది. వైరు కొన అరంగుళం కత్తిరించి కొత్త రాగి తేల్చి, టెర్మినల్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

పైసా ఖర్చు లేని పెద్ద మార్పు

కొనే ఏ వస్తువూ స్పీకర్ల స్థానం, మీ కుర్చీ స్థానం చేసినంత మార్పు చేయదు. ఒక్క ఆదివారం దీనికి కేటాయించండి.

గదిలో ఎదురెదురు గోడల మధ్య కొన్ని బాస్ స్వరాలు చిక్కుకుని నిలబడిపోతాయి. అవి ఏవో తేలిగ్గా లెక్క కట్టొచ్చు. శబ్ద వేగం సెకనుకు 343 మీటర్లు, దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగించాలి. మన హాల్లో 14 అడుగుల కొలతకు దాదాపు 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు), 12 అడుగులకు 47, ఎత్తుకు 56 వస్తాయి. ఈ స్వరాలు గోడల దగ్గర ఉబ్బుతాయి, గది నట్టనడుమ మాయమవుతాయి. సోఫాని వెనక గోడకు ఆనించి కూర్చుంటే బాస్ అంతా గుయ్యిమనేది ఇందుకే. అలాగని సరిగ్గా మధ్యలో కూర్చున్నా కుదరదు. పొడవులో దాదాపు 38 శాతం దగ్గర, అంటే మన హాల్లో వెనక గోడకు ఐదడుగుల పైచిలుకు ముందు, మొదలుపెట్టి అటూ ఇటూ జరిపి చూడండి. హాల్లో సోఫా అంత ముందుకు రావడం చాలా ఇళ్లలో జరగని పని. కనీసం పాటలు వినే గంటసేపు అడుగున్నర ముందుకు లాక్కోండి. అదీ కుదరకపోతే తల వెనక గోడకు శబ్దం పీల్చే దళసరి ప్యానెల్ తప్పనిసరి.

స్పీకర్ల విషయానికి వస్తే, వాటి వెనక ఉన్న గోడ నుంచి తిరిగొచ్చిన బాస్ నేరుగా వచ్చే శబ్దంతో కలిసినప్పుడు ఒక స్వరం దగ్గర గొయ్యి పడుతుంది. 343ని, స్పీకర్ ముందు ముఖం నుంచి గోడకు ఉన్న దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే ఆ గొయ్యి ఎక్కడో తెలుస్తుంది. ముఖం గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 143 హెర్ట్జ్ దగ్గర, 30 సెంటీమీటర్లు ఉంటే 286 దగ్గర, మీటరు ఉంటే 86 దగ్గర. స్పీకర్‌ని గోడకు దగ్గరగా తోస్తే గొయ్యి పైకి జరిగి గాత్రంలో పడుతుంది గానీ అక్కడ దాన్ని ప్యానెల్‌తో పీల్చేయొచ్చు. దూరంగా లాగితే బాస్‌లోకి దిగుతుంది, అక్కడ ప్యానెల్ పనిచేయదు. చిన్న హాల్లో రెండు దారుల్లో ఒకటి ఎంచుకోండి: గోడకు వీలైనంత దగ్గరగా పెట్టి వెనక నాలుగంగుళాల ప్యానెల్ వేయడం, లేదా రెండు మూడడుగులు ముందుకు తెచ్చి, చెవితో వింటూ అంగుళం అంగుళం జరపడం. ఒక్క నియమం మరవద్దు. వెనక గోడ దూరం, పక్క గోడ దూరం ఒకటే కాకూడదు. సమానంగా ఉంటే రెండు గోతులూ ఒకేచోట పడతాయి. మన హాల్లో వెనకకు రెండడుగులు, పక్కకు మూడడుగులు, రెండు స్పీకర్ల మధ్య ఆరడుగులు, మీకు ఏడడుగులు పెట్టి మొదలుపెట్టొచ్చు.

ట్వీటర్ (స్పీకర్‌లో పై స్వరాలు పలికే చిన్న భాగం) మీ చెవి ఎత్తున ఉండాలి. సోఫాలో కూర్చుంటే చెవి నేల నుంచి సుమారు 38 అంగుళాల ఎత్తులో ఉంటుంది, చాప మీద కూర్చుంటే 28, 29. చాలా ఇళ్లలో స్పీకర్లు షోకేసు పై అరలో, ఫ్యాన్ రెక్కలకు పాడుతున్నట్టు ఉంటాయి. స్టాండ్లు కొనాలనేం లేదు. 16 అంగుళాల సాలిడ్ సిమెంటు దిమ్మె నిలువుగా నిలబెట్టి, దాని మీద 8 అంగుళాలది పెట్టి, పైన కడప బండ ముక్క వేస్తే పాతిక అంగుళాల స్టాండు తయారు. దిమ్మెల మధ్య సన్నటి సిమెంటు పూత, కింద రబ్బరు ముక్కలు ఉండాలి. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో మాత్రం దీన్ని గోడకు కట్టకుండా వదలొద్దు. టీవీ యూనిట్ మీదే పెట్టక తప్పదంటే స్పీకర్లను బల్ల అంచుదాకా ముందుకు లాగండి. బల్ల పైభాగం నుంచి ప్రతిధ్వని తగ్గి గాత్రం తేటపడుతుంది. స్పీకర్ వెనక గాలి రంధ్రం ఉండి గోడకు నాలుగంగుళాలు కూడా జాగా లేకపోతే ఆ రంధ్రంలో మెత్తటి ఫోమ్ చుట్ట దూర్చండి. అట్టడుగు బాస్ కొంత తగ్గుతుంది, గుయ్యిమనడం పోతుంది.

పరుపా, కర్టెనా, రాక్‌వూలా?

ఇక ఖర్చు మొదలవ్వాల్సింది ఇక్కడ. గది నడుమ నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి. టింగ్‌మని ఒక లోహపు తోక వినిపిస్తే అది ఎదురెదురు గోడల మధ్య శబ్దం పరుగులు తీయడం. మన హాలు ఘనపరిమాణం 48 ఘనపు మీటర్లు. మామూలు సామానుతో అందులో శబ్దం పీల్చే విస్తీర్ణం ఏడు చదరపు మీటర్లుందనుకుంటే, సబీన్ సూత్రం ప్రకారం (0.161 ఇంటు ఘనపరిమాణం, భాగించు పీల్చే విస్తీర్ణం) శబ్దం ఆరడానికి 1.1 సెకన్లు పడుతుంది. సంగీతం వినే ఇంటి గదికి 0.3 నుంచి 0.5 సెకన్లు హాయి. అంటే పీల్చే విస్తీర్ణాన్ని కనీసం రెట్టింపుకు పైగా చేయాలి.

చౌకైనవి కర్టెన్లు, తివాచీలు. దళసరి గుడ్డ కర్టెన్‌ని గోడ వెడల్పుకు రెట్టింపు తీసుకుని కుచ్చులుగా వేలాడదీస్తే పనిచేస్తుంది. బిగుతుగా పరిచిన పల్చటి పాలియెస్టర్ పనిచేయదు. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద ఆరడుగుల తివాచీ వేస్తే టైల్స్ మెరుపు తగ్గుతుంది. అయితే ఇవన్నీ పై స్వరాల్నే పీల్చుతాయి. వీటితోనే గది నింపితే తాళం, కంజీర మొద్దుబారి, బాస్ మాత్రం అలాగే గుయ్యిమంటూ మిగులుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే అంగుళం ఫోమ్ పలకలు, తొమ్మిది మిల్లీమీటర్ల రంగురంగుల ఫెల్ట్ పలకలదీ ఇదే కథ. కోడిగుడ్ల అట్టల వల్ల ఏ ప్రయోజనమూ లేదు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం.

బూరుగు దూది పరుపు మాత్రం మంచి సాధనం. మందంగా, గాలి ఆడేలా ఉంటుంది కాబట్టి గాత్రం ప్రాంతం దాకా బాగా పీల్చుతుంది. పాత పరుపు ఉంటే కొత్త గలీబు తొడిగి సోఫా వెనక గోడకు నిలబెట్టి వినండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇదే ఉత్తమం, మేకులు కొట్టనక్కర్లేదు. రెక్సిన్ తొడుగు ఉన్న పరుపు, స్ప్రింగు పరుపు అంతగా పనికిరావు.

సొంత ఇల్లైతే రాక్‌వూల్ (రాతి పీచు) ప్యానెళ్లే మేలు. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న పలకలు అడగండి. ఏసీ డక్టు పనులు, ఇన్సులేషన్ పనులు చేసేవాళ్ల దగ్గర దొరుకుతాయి. నాలుగడుగులకు రెండడుగుల కొలత సౌకర్యం. రీపర్లతో పలక సరిగ్గా పట్టేటంత చట్రం కొట్టించి, పలక దూర్చి, ముందు ముతక నూలు గుడ్డ బిగించాలి. గుడ్డకు నోరు ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. పోకపోతే శబ్దం కూడా పోదు. గోడకు మరో రెండంగుళాలు ఖాళీ వదిలి తగిలించండి. ఆ ఖాళీ వల్ల ప్యానెల్ ఇంకా కింది స్వరాల్ని పట్టుకుంటుంది, దానికి పైసా అదనం లేదు. కోసేటప్పుడు చేతులకు గ్లవ్స్, ముక్కుకు మాస్క్, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. నూలు గుడ్డ బిగించాక వెనక వైపు కూడా పల్చటి గుడ్డ వేస్తే పీచు రాలదు.

ఎక్కడ పెట్టాలన్నదానికి అద్దం చాలు. మీరు కుర్చీలో కూర్చోండి, ఇంకొకరు పక్క గోడ మీద అద్దాన్ని జరుపుకుంటూ వెళ్తారు. అద్దంలో స్పీకర్ కనిపించిన చోట మొదటి ప్యానెల్. రెండు పక్కలా అలా రెండు, తల వెనక రెండు, స్పీకర్ల వెనక రెండు, మొత్తం ఆరు. ఈ ఆరూ కలిసి దాదాపు నాలుగు చదరపు మీటర్లు పీల్చి 1.1 సెకన్లను 0.7కి దించుతాయి. తివాచీ, కుచ్చుల కర్టెన్ తోడైతే 0.5 అందుతుంది. ఒక పక్క గోడ, ఇంకో పక్క తెరిచిన బాల్కనీ తలుపు ఉన్న హాల్లో గొంతు గోడ వైపు లాగుతుంది. అలాంటప్పుడు గోడ వైపు ప్యానెల్‌కే మొదటి డబ్బు పెట్టండి.

గది నిశ్శబ్దం సంగతి కూడా ఇక్కడే చూడాలి. కిర్రుమనే సీలింగ్ ఫ్యాన్ కింద తంబూర నాదం వినబడదు, పాటల మధ్య మౌనం వినబడదు. రెక్కలు సమతూకం చేయించడం, బేరింగ్ మార్పించడం కూడా ఆడియో అప్‌గ్రేడ్ లాంటివే. ఫ్యాన్ స్పీడు మార్చినప్పుడు స్పీకర్లలో జర్రుమనే శబ్దం మారుతోంటే దోషం పాత రకం డిమ్మర్ రెగ్యులేటర్‌ది. దాన్ని కెపాసిటర్ రకం స్టెప్ రెగ్యులేటర్‌గా మార్చండి.

ఈక్వలైజరా, సబ్‌వూఫరా?

బాస్ ఎక్కువై గుయ్యిమంటుంటే ఈక్వలైజర్ (ఒక్కో స్వరం స్థాయిని విడిగా పెంచి తగ్గించేది). ఎంత పెంచినా అడుగు స్వరం రాకపోతే సబ్‌వూఫర్. ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవద్దు. గుయ్యిమనే గదిలోకి సబ్‌వూఫర్ తెస్తే మరింత గుయ్యిమంటుంది.

ఈక్వలైజర్‌కి కావలసింది కొలిచే మైకు, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ ప్రోగ్రామ్. మైకుకి దాని సొంత క్యాలిబ్రేషన్ ఫైలు (ఆ మైకు తేడాలను సరిదిద్దేది) ఉండాలి. మైకుని చెవి ఎత్తున పెట్టి, తల ఉండే చోటు చుట్టూ అడుగు పరిధిలో ఐదు చోట్ల కొలిచి సగటు తీయండి. ఒకే చోట కొలిస్తే ఆ చోటికి మాత్రమే సరిపడే దిద్దుబాటు వస్తుంది. తర్వాత సుమారు 240 హెర్ట్జ్ కిందనే దిద్దండి. మన కొలతల గదిలో గోడల పెత్తనం అక్కడిదాకానే, పైన స్పీకర్ స్వభావానిదే పైచేయి. ఉబ్బులు కోయండి, గోతులు పూడ్చకండి. 47 హెర్ట్జ్ దగ్గర తొమ్మిది డెసిబెల్స్ ఉబ్బు ఉంటే అక్కడ క్యూ విలువ (ఎంత ఇరుకుగా కోయాలో చెప్పే అంకె) 5 పెట్టి ఏడు డెసిబెల్స్ తగ్గించడం మంచి మొదలు. గొయ్యి పూడ్చాలని ఆరు డెసిబెల్స్ పెంచితే ఆంప్ మీద నాలుగు రెట్ల భారం పడుతుంది, గొయ్యి మాత్రం పూడదు. ఎందుకంటే పెంచినదంతా గోడ నుంచి తిరిగొచ్చి మళ్లీ కొట్టేస్తుంది. గోతికి మందు కుర్చీనో స్పీకర్‌నో జరపడమే. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో పాడే ప్లేయర్లకు అది వర్తించదు, ఆ మోడ్‌ని ఆపి పెట్టండి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్, పవర్‌ఆంప్ ఈక్వలైజర్ లాంటి యాప్‌లున్నాయి. మైకు కొనే స్తోమత లేకపోతే 30 నుంచి 120 హెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే టోన్ పెట్టి, ఏ అంకె దగ్గర గది గుయ్యిమంటుందో రాసుకుని అక్కడే కోయండి. ముతక పనే అయినా ఏమీ చేయకపోవడం కంటే చాలా మెరుగు.

సబ్‌వూఫర్ విలువ తక్కువేం కాదు. స్పీకర్ల మీద వినేవారి ఇష్టాయిష్టాలను లెక్కగట్టిన ఆడియో సంస్థ హర్మాన్ పరిశోధకుడు షాన్ ఆలివ్ పనిలో బాస్ వాటా దాదాపు 30 శాతం తేలింది. ఐదంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ 55, 60 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. సినిమా పాటల్లో సింథ్ బాస్‌కి ఆ కింది భాగం కావాలి. చోటు ఎంచుకోవడానికి సబ్‌వూఫర్‌ని మీ కుర్చీలో పెట్టి, బాస్ ఎక్కువున్న పాట నడిపి, మీరు గోడల వెంట మోకాళ్ల మీద తిరిగి వినండి. ఎక్కడ బాస్ అన్ని స్వరాల్లో సమంగా వినిపిస్తే సబ్‌వూఫర్‌కి అదే చోటు.

ఎక్కువమంది పొరపడేది క్రాసోవర్ దగ్గర, అంటే స్పీకర్లు వదిలి సబ్‌వూఫర్ అందుకునే స్వరం దగ్గర. 80 హెర్ట్జ్ పెట్టమని అందరూ చెప్తారు. ఏవీ రిసీవర్ (హోమ్ థియేటర్ ఆంప్) ఉంటే అది నిజం: స్పీకర్లను స్మాల్ అని పెట్టి, 80కి కోసి, సబ్‌వూఫర్ మీది క్రాసోవర్ నాబ్‌ని గరిష్ఠానికి తిప్పేయాలి. కానీ చాలా చిన్న స్టీరియో ఆంప్‌లలో సబ్ అవుట్ ఉన్నా స్పీకర్లకు వెళ్లే బాస్‌ని అవి కోయవు. అక్కడ 80 పెడితే 60 నుంచి 80 దాకా రెండూ పాడి, ఆ ముక్క ఉబ్బిపోతుంది. నాబ్‌ని మీ స్పీకర్ సహజంగా ఆగిపోయే 60 దగ్గరే ఉంచండి. ఆ తర్వాత ఆ స్వరానికే టోన్ పెట్టి సబ్‌వూఫర్ మీది ఫేజ్ స్విచ్‌ని సున్నాకీ 180కీ మార్చి, ఏది కుర్చీ దగ్గర గట్టిగా వినిపిస్తే దాన్ని ఉంచండి. లెవెల్ ఎంతుండాలంటే, సబ్‌వూఫర్ ఉందని ప్రత్యేకంగా తెలియకూడదు, ఆపితే మాత్రం లోటు తెలియాలి. అపార్ట్‌మెంట్‌లో కింద ఫోమ్ ప్యాడ్ వేస్తే నేల అదరడం తగ్గుతుంది. గాలిలో వెళ్లే అట్టడుగు శబ్దం తగ్గదు కాబట్టి రాత్రి పది తర్వాత దాన్ని ఆపేయడమే మర్యాద.

ఆంప్, డాక్, వైర్లు

ఇక్కడ త్వరగా తేల్చేయొచ్చు. మీ స్పీకర్ సెన్సిటివిటీ (ఒక వాట్‌కి మీటరు దూరంలో ఇచ్చే శబ్దం) 86 డెసిబెల్స్ అయితే, రెండు స్పీకర్లతో, రెండున్నర మీటర్ల దూరంలో ఒక్క వాట్‌కే దాదాపు 81 డెసిబెల్స్ వస్తాయి. ఇంట్లో మామూలుగా వినే 75 డెసిబెల్స్‌కి పావు వాట్ చాలు. నిజమైన 50 వాట్లతో 98 దాకా పోతుంది. వంద వాట్ల ఆంప్‌కి మారితే పెరిగేది మూడే మూడు డెసిబెల్స్. అందుచేత ఆంప్ మార్చడానికి సరైన కారణాలు ఇవీ: గట్టిగా పెట్టినప్పుడు శబ్దం చిట్లడం, పాట లేనప్పుడు కుర్చీ దాకా హిస్ వినిపించడం, నాలుగు ఓమ్‌ల స్పీకర్లతో వేడెక్కి ఆగిపోవడం, కావలసిన ఇన్‌పుట్ లేకపోవడం. పెట్టె మీద పీఎంపీఓ అని వేల వాట్లు రాసి ఉంటే ఆ అంకెని లెక్కలోకే తీసుకోకండి, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల వాట్లు) అడగండి. అది కూడా ఎన్ని ఓమ్‌లకు, ఎంత డిస్టార్షన్ దగ్గర అన్నది చూడండి. పది శాతం డిస్టార్షన్ దగ్గర చెప్పిన వాట్లు వినడానికి పనికొచ్చే వాట్లు కావు.

సీడీ నాణ్యత 16 బిట్లు అంటే 96 డెసిబెల్స్ పరిధి. ఫ్యాన్ తిరిగే గదిలో అందులో సగం కూడా చెవికి అందదు. మంచి యూఎస్‌బీ డాంగిల్ డాక్ ఈ పనిని నిక్షేపంగా చేస్తుంది. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మౌస్ కదిపినప్పుడల్లా చిరచిర వస్తుంటే డాంగిల్ కొనండి, లేకపోతే వద్దు. బ్లూటూత్ విషయానికి వస్తే, మామూలు ఎస్‌బీసీ కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) గరిష్ఠంగా 328 కిలోబిట్లు పంపుతుంది, అది కూడా సిగ్నల్ బాగుంటే. ఫోన్ నుంచి డాంగిల్, తీగ ద్వారా ఆంప్‌కి ఇస్తే కోడెక్ గొడవే ఉండదు. చౌక మెరుగుదలల్లో దీనికి మంచి స్థానమే ఉంది.

స్పీకర్ వైరుకు ఒక్క నియమం: రానూపోనూ కలిపి దాని నిరోధం స్పీకర్ ఓమ్‌లలో ఐదు శాతం దాటకూడదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు మీటరుకు సుమారు 0.013 ఓమ్. ఐదు మీటర్ల దూరానికి రానూపోనూ 0.13. ఎనిమిది ఓమ్‌లకు హద్దు 0.4, నాలుగు ఓమ్‌లకు 0.2. రెండిటికీ సరిపోతుంది. కరెంటు దుకాణంలో దొరికే మంచి రాగి ట్విన్ వైరు చాలు. స్పీకర్ కేబుల్ పేరుతో చౌకగా అమ్మేవాటిలో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది, నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది.

ఎప్పుడూ వినిపించే 50 హెర్ట్జ్ హమ్ కేబుల్ మారిస్తే పోదు. ఒక్కొక్క తీగ పీకుతూ చూడండి. సెట్‌టాప్ బాక్స్ కేబుల్ తీయగానే ఆగితే దోషం అక్కడి ఎర్త్‌ది. ల్యాప్‌టాప్ చార్జర్ తీయగానే ఆగితే ఆ చార్జర్‌ది. ఆప్టికల్ కనెక్షనో, లైన్ తీగలో చిన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరో వేస్తే పోతుంది. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరవొద్దు, ప్రాణాల మీదికి వస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే జర్రుమంటే అది స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్. దానికి మందు సైన్‌వేవ్ ఇన్వర్టరే గానీ ఆడియోఫైల్ పవర్ కేబుల్ కాదు.

డబ్బు ఎటు పెట్టాలి

అద్దె ఇల్లు, మేకులు వద్దనే యజమాని: స్టాండ్లు, తివాచీ, పరుపు, డాంగిల్. మిగిలితే కొలిచే మైకు. ఇల్లు మారినప్పుడు ఇవన్నీ వెంట వస్తాయి, కొత్త గదిలో మైకు మళ్లీ పనికొస్తుంది. సొంత ఇల్లైతే డబ్బులో సగానికి పైగా ఆరు ప్యానెళ్లకు పెట్టండి. ల్యాప్‌టాప్ నుంచి వినేవాళ్లు మైకు ముందు కొనొచ్చు, ఎందుకంటే ఈక్వలైజర్ వాళ్లకు ఉచితం. టీవీయే ప్రధానమై, సినిమాల్లో మాటలు అర్థం కావడం లేదంటే ముందు ప్యానెళ్లు, బల్ల అంచు, చెవి ఎత్తు. సబ్‌వూఫర్ ఆఖర్న. పాత సంగీతం, గాత్ర కచేరీలే వినేవారికి సబ్‌వూఫర్ అసలు అక్కర్లేకపోవచ్చు. ఆ డబ్బుని మెరుగైన స్పీకర్ల కోసం దాచుకోవడం మంచిది.

ఏ రెండు వస్తువుల్ని పోల్చినా శబ్దం స్థాయి సమానం చేయకుండా తీర్పు చెప్పకండి. పావు డెసిబెల్ గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది. 200 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో ఉంచి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలిచి, రెండింటినీ ఒక శాతం తేడాలోకి తెచ్చాక, ఏది నడుస్తోందో మీకు చెప్పకుండా ఇంకొకరిని మార్చమనండి.

ఇవన్నీ అయ్యాక కూడా గాత్రం ముక్కుతో పాడినట్టో, స కారాలు గుచ్చుకున్నట్టో ఉంటే అప్పుడు స్పీకర్లు మార్చాల్సిందే. సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరుకుతాయి. కొనే ముందు కోన్ చుట్టూ ఉన్న అంచుని వేలితో మెల్లగా తాకండి. ఫోమ్ అంచు పొడిపొడిగా రాలితే ఆ అంచు మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగాలి, రబ్బరు అంచైతే బీటలు చూస్తే చాలు. రెండు బొటనవేళ్లతో కోన్‌ని సమంగా లోపలికి నొక్కి వదలండి, లోపల గీరుకున్న శబ్దం వస్తే కాయిల్ వంగింది, కొనొద్దు. పాతికేళ్ల నాటి జతైతే క్రాసోవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. అంతే మైక్రోఫారడ్ల బైపోలార్‌వి వేయిస్తే ట్వీటర్ మళ్లీ గొంతు విప్పుతుంది. మోనో పాట పెట్టి, ఒక్కొక్క స్పీకర్‌నే నడిపి, రెండూ ఒకేలా పాడుతున్నాయో లేదో విన్నాకే డబ్బు చేతిలో పెట్టండి.